చిట్టికి, ఒక లక్క ముద్దతో

గౌలిపురా, హైదరాబాద్.

చిట్టీ, నా బంగారు బిడ్డా,

నీ ఉత్తరం మొన్న బేస్తారం ముట్టింది. ఫోన్ల మాట్లాడితే సగం నాకు ఇనబడదు, ఇనబడ్డ సగం పొద్దుగూకే వరకు మర్చిపోత. నువ్వు కాగితం మీద రాసినందుకు మస్తు సంతోషమైంది. నా మోకాళ్లు ఎప్పటి లెక్కనే ఉన్నయి. మీ పెద్దబాపు పొద్దున నడకకని పోయి శాలిబండల చాయ్ తాగి వస్తున్నడు. షుగర్ ఉన్న మనిషి. అడిగితే 'చక్కెర తక్కువ వేయించిన' అంటడు. లాల్‌దర్వాజ బోనాలకు ఇంక రెండు వారాలే ఉన్నది. గల్లీల అప్పుడే సీరియల్ లైట్లు కడుతున్నరు.

నీ టీచర్ కొలువు సంగతి గల్లీల అందరికి చెప్పిన. అడగనోళ్లకు కూడ చెప్పిన. తొలి జీతంతోటి నాకు చీర కొంటనని రాసినవ్. వద్దు. బీరువ తలుపు ఇప్పటికే పట్టక కర్ర అడ్డం పెట్టుకుంటున్న. ఆ పైసలతోటి నీకు మంచి చెప్పులు కొనుక్కో. దినమంత నిలబడే పని అది.

ఇగ నీ ఏడుపు సంగతి. మీ బడిల ల్యాబ్ గది ఉన్నదట, తాళంచెవి లేదట. తాళం పగలగొట్టి చూస్తే లోపల ఇరిగిన బెంచీలట. 'ఒక్క బీకరు లేకుంట పదార్థం స్థితులు ఎట్ల చెప్పాలె పెద్దమ్మా' అని రెండు పేజీలు రాసినవ్. అరె, మీ అమ్మ వంటింట్ల ఏమన్న తక్కువున్నదా? స్టీలు గ్లాసు బీకరు కాదా? నువ్వు పుట్టిన సంది చూస్తున్న, ఏది లేకుంటే దాని కోసమే ఏడుస్తవ్. కోపానికి రావద్దు. నేను కూడ నీ వయసుల అట్లనే ఉంటి, అంతకన్న అన్యాయంగనే ఉంటి. చెప్త ఇను.

కొలువుల చేరిన తొలి ఏడు సొంత పైసలు పెట్టి థర్మామీటర్ కొన్న. సర్వల నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టి పిల్లలను చుట్టూ నిలబెట్టిన. నీళ్లు తెర్లుతున్నయి. థర్మామీటర్ 98 దాక ఎక్కి ఆగింది. మంట పెంచిన. నీళ్లు ఇంక ఎగిరిపడ్డయి గని గీత కదలలె. ముందల నిలబడ్డ పిల్ల 'మేడం, 98' అని గట్టిగ చదివింది. నేనేమన్న తెలుసా? 'థర్మామీటర్ ఖరాబైంది, 100 అని రాసుకోండ్రి' అన్న. నలభై మంది పిల్లలు కండ్లతోటి 98 చూసి, చేతులతోటి 100 రాసుకున్నరు.

తెల్లారి దుకాణానికి పోయి కొట్లాడిన. పాపం ఆయన మార్చి ఇచ్చిండు. రెండోది కూడ 98. మళ్ల పోయిన. 'అమ్మా, మీ నీళ్లే ఖరాబున్నయేమో' అన్నడు. ఆయన వెక్కిరిచ్చిండని అనుకున్న గని, అసలుకు నాకంటే ఆయనే దగ్గరికి వచ్చిండు. మన హైదరాబాద్ సముద్ర మట్టానికి ఇంచుమించు 500 మీటర్ల ఎత్తుల ఉన్నది. ఎత్తుకు పోయిన కొద్ది మీద మోపిన గాలి బరువు తగ్గుతది, నీళ్లు తొందరగ మరుగుతయి. 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతదనుకో. 100 అనేది సముద్రం ఒడ్డు లెక్క. చార్మినార్ కాడ 98 చిల్లరే. థర్మామీటర్ నిజం చెప్తే నేను దాన్ని దుకాణంల వాపస్ ఇచ్చి వచ్చిన. మీ ఊర్ల ఎంత చూపిస్తదో నేను చెప్పను. పిల్లలతోటి చదివిచ్చి, వాళ్లు చదివిందే రాయించు.

నీళ్లు మరిగించేటప్పుడే ఇంకొకటి చూపియ్యి. కెటిల్ ముక్కు కాడ తెల్లగ పొగ లెక్క వస్తది చూడు, దాన్ని అందరం ఆవిరి అంటం. అది ఆవిరి కాదు. చల్లబడి మళ్ల నీళ్లయిన చిన్న చిన్న తుంపర్లు. అసలు ఆవిరి ముక్కుకూ ఆ తెలుపుకూ నడుమ ఉన్న ఖాళీ జాగల ఉంటది, కండ్లకు కనబడదు. కనబడని దాని కాడికి ఏ పిల్లగాడూ చెయ్యి పెట్టకుంట చూడు. నేను ఇడ్లీ కుక్కర్ మూత తీసుకుంట మణికట్టు కాల్చుకున్న, ఆ మచ్చ నువ్వు చిన్నప్పుడు ముట్టి ముట్టి చూసేదానివి. గ్రాము నీళ్లు ఆవిరి కానీకి 540 కేలరీలు గుంజుకుంటయి. ఆ ఆవిరి మన తోలుకు తగిలి మళ్ల నీళ్లయితే, గుంజుకున్నదంత మన మీదనే దించుతది. వేడి నీళ్లకన్న ఆవిరి ఎక్కువ కాల్చేది అందుకే.

మంచుతోటి మొదలుపెడితే మంచిది. స్టీలు గ్లాసుల మంచు ముక్కలు, థర్మామీటర్, కింద చిన్న మంట. కలపాలె, ఆపకుంట కలపాలె. నేను తొలిసారి కలపకుంట పెట్టి అడుగున ఒక లెక్క, పైన ఒక లెక్క చూపిచ్చి ఆగమైన. కలుపుకుంట పోతే మంచు ఉన్నంత సేపు సున్నా కాడనే కూసుంటది. కింద మంట మండుతనే ఉన్నది, పైన వేడి పెరుగుతలేదు. 'మరి వేడి ఏడికి పోతున్నది?' అని అడిగి నువ్వు నోరు మూసుకో. చెప్పాలని నాలుక దురద పెడతది, నాకు తెలుసు. ఓర్చుకో. ఒకడు 'గ్లాసు తింటున్నది' అంటడు, ఒకతి 'గాలిల పోతున్నది' అంటది. మంచు కరగనీకే ఖర్చయితున్నదని ఎవరో ఒకరు అననే అంటరు. అప్పుడు చెప్పు: జోసెఫ్ బ్లాక్ అని స్కాట్లాండ్ ఆయన 18వ శతాబ్దంల ఇదే తండ్లాట పడి, దానికి దాగున్న వేడి అని పేరు పెట్టిండు, మనం గుప్తోష్ణం అంటం. కిలో మంచు ఉట్టిగ కరగనీకి ఎంత వేడి కావాలెనో, అంతే వేడితోటి కిలో నీళ్లను సున్నా సంది 80 డిగ్రీల దాక కాగబెట్టొచ్చు. ఈ మాట ఇన్నంక మా పిల్లలు మంచు ముక్కను జర మర్యాదగ చూసేటోళ్లు.

నీకు మోజంజాహి మార్కెట్ యాదికున్నదా? మీ బాపు నిన్ను భుజం మీద ఎక్కించుకొని ఐస్‌క్రీమ్‌కు తీస్కపోయేటోడు. డబ్బ చుట్టూ పోసిన మంచును 'ఇది కూడ ఐస్‌క్రీమే' అని నాకి, థూ థూ అని ఉమ్మినవ్. అది ఉప్పు మంచు బిడ్డా. మంచుల ఉప్పు కలిస్తే సున్నా కిందికి దిగుతది, అందుకే లోపల పాలు గడ్డకడతయి. మూడు పాళ్లు దంచిన మంచుకు ఒక పాలు దొడ్డు ఉప్పు వేసి, నడుమ మూత గట్టిగున్న చిన్న డబ్బల పాలు చక్కెర పోసి పెట్టు. తువ్వాలుల చుట్టి పది నిమిషాలు ఊపమను. మీ దగ్గరున్న థర్మామీటర్ సున్నా కింద 10 దాకనే ఉంటే గీతల కిందికి జారిపోయినా పోతది, పరేషాన్ కావద్దు. ఉప్పు మంచు మాత్రం చేతిల పట్టుకోనియ్యకు. పందెం కడతరు, నాకు తెలుసు ఆ పోరగాండ్లు. నిప్పు కాలినట్టే తోలు కాలుతది.

రంజన్ల నీళ్లు ఎందుకు సల్లగుంటయో చెప్పేటప్పుడు నేను ఇంకొకసారి అభాసుపాలైన. కుండకు చెమట పడుతది, ఆ చెమట ఆరిపోతూ లోపలి వేడిని పట్టుకపోతది, అంత మంచిగనే చెప్పిన. చూపిస్తనని రెండు కుండలు తెప్పిచ్చి, పక్కన బకెట్ పెట్టిన. అయితే చేసింది ఆషాఢంల, ముసురు పట్టిన దినం. గాలి అప్పటికే తడితోటి నిండి ఉన్నది, కుండ చెమట ఎట్ల ఆరుతది? కుండల నీళ్లు, బకెట్ నీళ్లు ఇంచుమించు ఒక్క తీరే ఉన్నయి. హెడ్‌మాస్టర్ తలుపు కాడ నిలబడి చూసి పోయిండు. ఆ దినం కుండను పక్కకు పెట్టి సల్లటి నీళ్ల గ్లాసు తీసుకోవాలె, నాకు తెలివి లేకపాయె. ముసురులనే గ్లాసుకు చెమట ఎక్కువ పడుతది కద. నువ్వు ఈ రెండూ ఇప్పుడొకసారి, మళ్ల ఎండాకాలం బడి బంద్ అయ్యే ముందల ఒకసారి చేయించు. కుండకు మంచి దినం గ్లాసుకు చెడ్డ దినం అని వాళ్లంతట వాళ్లే పట్టుకుంటరు.

ఆ గ్లాసుది ఎట్ల చేయాలెనో చెప్త. సల్లటి నీళ్ల గ్లాసు బయట చుక్కలు ఎక్కడివి అంటే, తొమ్మిదో తరగతి పిల్లలు కూడ 'గ్లాసు కారుతున్నది మేడం' అనే అంటరు. మన పక్కింటి బేగం ఖాలా ఇంట్ల రంజాన్‌కు ఒక్కసారి ఇఫ్తార్‌కు కూసున్న. పెద్ద గ్లాసుల రూహ్ అఫ్జా, మంచు. బయట చుక్కలు జారుతున్నయి. నా తెల్ల చీర మీద పడ్డయి. ఎర్ర మరకైతదని గాబరైన. మరక లేదు. ఉట్టి నీళ్లు! లోపల ఎర్రగ, బయట తెల్లగ. ఖాలా నవ్వుతనే ఉన్నది, నేను చుక్క మీద వేలు పెట్టి నాకి చూస్తున్న, తీపి లేదు. మరుసటి దినం బడికి సీసా పట్టుకపోయిన. గ్లాసు కారుతున్నదన్న పిల్లలే 'ఎర్రగ లేదు కద, గాలిల నీళ్లే' అని ఒకరితోటి ఒకరు కొట్లాడుకున్నరు. నేను ఆ దినం మాట్లాడిందే తక్కువ. సీసా మాత్రం సాయంత్రానికి ఖాళీ అయింది, అది లెక్కల పెట్టుకో.

కొబ్బరినూనె చలికాలం దాక ఆగాలె. పూసు మాసంల సీసల గడ్డకట్టి, తల అంటుకోనీకి రాక ఎండకు పెడతం చూడు. అది 24 డిగ్రీల కాడ అటు ఇటు అయితది, అరచేతిల పెట్టుకుంటే చాలు కరుగుతది. సగం కరిగిన నూనెల గడ్డ ముక్క వేయించు, మునుగుతది. పూస నెయ్యి పూస అడుక్కు పోయినట్టే. తర్వాత నీళ్లల్ల మంచు వేయించు, తేలుతది. ఎందుకు ఇదొక్కటే తేలుతదో అడుగు. నీళ్లు గడ్డకడితే పెరుగుతయి, నూటికి తొమ్మిది పాళ్లు. నాకు ఈ సంగతి తెలుసు, పుస్తకంల చదివిన, పరీక్షల రాసిన. తెలిసి కూడ అంచుల దాక నీళ్లు నింపిన గాజు సీసను బిరడ బిగించి ఫ్రీజర్ల పెట్టిన. పొద్దున చూస్తే పగిలి గాజు ముక్కలు మటన్‌ల కలిసినయి. కిలో మటన్ పారబోసిన. మీ పెద్దబాపు ఆ దినం ఏమనలె గని, ఇప్పటికీ ఎవరన్న ఇంటికి చుట్టం వస్తే ఆ కథే చెప్తడు.

బోనాలకు నువ్వు వస్తవా? వస్తే కర్పూరం కథ ఇక్కడనే చూసుకుంటువు. హారతి కర్పూరం లెక్క హరించుకపోయింది అంటం కద. ముట్టిచ్చిన కర్పూరాన్ని దగ్గరినుంచి చూడు, మంట చుట్టూ తడిగ కరుగుతది. ముట్టియ్యని దాన్ని ఉట్టిగ పళ్లెంల పెట్టి మరిచిపో. పళ్లెం తడవదు, కర్పూరం తగ్గుతది, ఇల్లంత వాసన. ఘనం నుంచి సీద గాలిలకు. ఉత్పతనం అంటం దాన్ని. గుల్జార్‌హౌజ్ కాడ మనకు తెలిసిన అవుసలాయన త్రాసుల సోమవారం తూయించిన, శనివారం మళ్ల తూయించిన. తక్కువైంది. ఆయనకు బంగారం అలవాటు, 'అమ్మా, ఎవరో గీకిన్రు' అని నా మొహం చూసిండు! మీ ఊర్ల కూడ అవుసలోళ్లుంటరు, పిల్లలను పట్టుకపో, బతిమాలు. కాని నాఫ్తలిన్ గోళీలతోటి చేయొద్దు. అది కూడ అట్లనే పోతది, పుస్తకాలల్ల ఉంటది, అయినా వద్దు. పెప్పర్మెంట్ అనుకొని చిన్న పిల్లలు నోట్ల వేసుకుంటరు, విషం అది. జ్వరం చూసే థర్మామీటర్ వేడి నీళ్లల్ల పెట్టనియ్యకు, పగిలి పాదరసం పారుతది. స్టవ్ నువ్వే ముట్టియ్యి. పైలం బిడ్డా. వాళ్లంత ఇంకొకరి పిల్లలు.

అసలు చెప్పాలనుకున్నది ఇంతవరకు చెప్పలె. చెప్పనీకి సిగ్గయితున్నది.

1995ల అనుకుంట, ఏడో తరగతి. అప్పుడు నేను బల్ల మీద కర్ర స్కేలు పెట్టుకొని పాఠం చెప్పేదాన్ని. ఘనానికి ఆకారం ఉంటది, ద్రవానికి ఉండదు అని పిల్లలతోటి మూడు మూడు సార్లు అనిపించేదాన్ని. వెనక బెంచి నుంచి ఒక పిల్లగాడు లేచి 'మేడం, లక్క ఏంది?' అన్నడు. వాళ్లింట్ల గాజుల పని. ఇంట్ల ఉర్దూ, బడిల తెలుగు.

'ఘనం. కూసో' అన్న.

కూసోలె. 'కుంపటి మీద పెడితే మా అబ్బా దాన్ని తాడు లెక్క గుంజుతడు మేడం. వంగుతది, సాగుతది, నీళ్ల లెక్క కారదు. సగం సగం ఉంటది' అన్నడు. సగం సగం అనేది నా పుస్తకంల లేదు. క్లాసంత నవ్వింది. నేను స్కేలు ఎత్తి చూపిచ్చిన. కొట్టలె, కొట్టలె. చూపిచ్చిన అంతే. కూసున్నడు. ఆ ఏడు మళ్ల లేవలె.

తర్వాతి ఏడు మీ అమ్మ పెండ్లి. లాడ్‌బజార్‌ల గాజులు కొన్నం, మీ అమ్మ చెయ్యి పెద్దది కద, ఒక జత పట్టలె. దుకాణమాయన వెనక సందుల కార్ఖానాకు పంపిచ్చిండు, వెడల్పు చేయించుకొమ్మని. చిన్న అర్ర, బొగ్గుల కుంపటి, ఉక్కపోత. పొయ్యి ముందల వాళ్ల నాయిన, పక్కన ఈ పిల్లగాడు. నన్ను చూసి లేచి నిలబడ్డడు. ఇక్కడ కూడ కూసో అనాలెనేమో అనిపించి నాకు మాట రాలె.

వాళ్ల నాయిన గాజును సెగకు చూపిచ్చి, కోసుగున్న కర్రకు ఎక్కిచ్చి మెల్లగ కిందికి దింపిండు. గాజు విరగలె, కారలె, కొద్దిగ జరిగింది. పిల్లగాడు కుంపటి అంచున పెట్టిన లక్క ముద్ద ఒకటి తీసి, రెండు చేతుల మార్చి మార్చి జర సల్లబరిచి, నా అరచేతిల పెట్టిండు. అప్పుడే కాల్చిన రొట్టె ముక్క లెక్క ఎచ్చగుండె. బొటనవేలుతోటి వత్తిన, దిగింది. కొంచెం సేపటికి వత్తిన, దిగలె. బండ మీద కొట్టిన, ఠక్కుమన్నది.

'ఎప్పుడు గట్టిపడింది మేడం?' అని అడిగిండు.

నేను చెప్పలేకపోయిన చిట్టీ. మంచైతే సున్నా కాడ అని చెప్తుంటి. దీనికి అట్లాంటి గీత లేదు. మంచుల కణాలన్నీ వరుసల నిలబడి ఉంటయి, వరుస విరిగితే నీళ్లు, అంతే. లక్క అట్ల కాదు. మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద పురుగులు విడిచిన బంక, ఎన్నో రకాల కణాలు వరుస లేకుంట చిక్కుపడి ఉంటయి. సెగ తగిలితే ఒక చిక్కు ఇప్పుడు వదులైతది, ఒకటి ఇంక జరసేపటికి. మన కిటికీ గాజు కూడ అదే జాతి. ఘనం, ద్రవం, వాయువు అని మూడు డబ్బలు మనం చేసుకున్నం. లక్క అండ్ల పట్టలె. పన్నెండేండ్ల పిల్లగాడు కుంపటి కాడ కూసొని ఆ సంగతి చూసిండు, నేను స్కేలు చూపిచ్చిన.

తప్పైందని వానికి చెప్పలె. టీచర్లం గద, నోరు పెగలదు. గాజులు మాత్రం బేరమాడకుంట తీసుకున్న, మీ అమ్మ ఇంటికొచ్చినంక ఒకటే సతాయించింది. ముద్దను పిల్లగాడు వాపస్ తీసుకోలె. 2024ల హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్ల చదివిన దినం రాత్రి నిద్ర పట్టలె. వానికి ఇప్పుడు నలభై దాటి ఉంటయి. మొన్న ఆ సందులకు పోయి చూసిన. కార్ఖానా ఉన్న జాగల సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నరు.

రేపు పొద్దున మీ పెద్దబాపు ఎంజీబీఎస్ పోయి నీకు పార్సిల్ వేస్తడు. థర్మామీటర్ రెండు పెట్టిన, రెండూ 98 కాడనే ఆగుతయి, చూసిన. సూది లేని సిరంజీలు పది. వేలితోటి మూతి మూసి ఒకసారి గాలిని, ఒకసారి నీళ్లను వత్తమను, గాలి లొంగుతది, నీళ్లు లొంగవు. మామిడికాయ తొక్కు డబ్బ నీకు, స్టాఫ్‌రూంల పంచకు. అత్తరు సీస చిన్నది ఉన్నది, ఒక మూల మూత తీసి వాసన వచ్చినోళ్లను చెయ్యి ఎత్తమను, ఫ్యాన్ బంద్ చేసినంకనే. నేను మరిచిపోయి ఫ్యాన్ పెట్టి తీసిన, ఒక్కసారే అందరు చెయ్యి ఎత్తిన్రు.

ఆ లక్క ముద్దను నీ పాత బడి రుమాలుల చుట్టి డబ్బల నడుమ పెట్టిన. ముప్పై ఏండ్లు కావొస్తున్నది, నా బొటనవేలి గీతలు ఇంక అట్లనే ఉన్నయి. మీ పెద్దబాపుకు నాలుగు సార్లు చెప్పిన, పార్సిల్‌ను ఇంజన్ పక్కన పెట్టనియ్యొద్దని డ్రైవర్‌తోటి చెప్పి రమ్మని. చెప్తడో, చాయ్ తాగి వస్తడో. ముట్టంగనే ఇప్పి చూసి గీతలు ఉన్నయో లేవో నాకు రాయి.

నీ పెద్దమ్మ